నరసింగరావు పేరు మీది ఇల్లు

రాజకుమారి ఇల్లు అమ్ముదామని నిర్ణయించుకున్నాక మొదట తెలిసిన సంగతి, ఆ ఇల్లు అమ్మే హక్కు ఆమెకి లేదని. స్థలం కాగితాలు, ఇంటి పన్ను, కరెంటు మీటరు, అన్నీ ఆమె భర్త నరసింగరావు పేరు మీదే ఉన్నాయి. నరసింగరావు వచ్చి సంతకం పెట్టాలి. లేకపోతే నరసింగరావు పోయాడని కాగితం ఉండాలి. ఆమె దగ్గర రెండూ లేవు.

సాలూరులో బైపాసు రోడ్డుకి ఇవతల ఉన్న మా వీధిలో అందరం ఏదో రకంగా లారీల మీద బతికేవాళ్ళమే. మా ఆయనది పంక్చరు షాపు. నరసింగరావు డ్రైవరు. ఘాటీ ఎక్కి ఒడిశా మీదుగా రాయపూర్ దాకా లోడు తోలేవాడు. మనిషి పొడుగు, మాట తక్కువ. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దొరికిన రోజుల్లో ఆ ఇల్లు కట్టుకున్నాడు. ఓ ఏడాది పునాది, ఇంకో ఏడాది గోడలు, మధ్యలో కొన్నాళ్ళు ఏమీ లేదు. గోడల మధ్య గడ్డి మొలిచి మా మేకలు అందులో మేసేవి. శ్లాబు పడేసరికి వాళ్ళమ్మాయి ఝాన్సీ హైస్కూల్లోకొచ్చింది. లారీ బాడీలు కట్టే షెడ్లలో మిగిలిపోయిన రంగులు తెచ్చి తానే తలుపులకి వేసుకున్నాడు. అందుకని వీధి తలుపు నారింజ రంగు, వంటింటి తలుపు చిలకాకుపచ్చ. చుట్టాలు నవ్వితే తనూ నవ్వేవాడు.

ఝాన్సీ పదో తరగతి చదువుతున్న ఏడాది, మంచి వానల్లో, లోడుతో వెళ్ళినవాడు తిరిగి రాలేదు. క్లీనరుకి జ్వరం రావడంతో ఒక్కడే వెళ్ళాడు. జగదల్‌పూర్ దాటాక ఒక డాబా దగ్గర లారీ ఆపి టీ తాగాడట. మొహం కడుక్కొస్తానని వెనక ఉన్న వాగు వైపు వెళ్ళాడట. డాబావాళ్ళు చెప్పింది అంతే. లారీ నిలబెట్టినచోటే ఉంది, తాళం దానికే ఉంది, లోడులో ఒక్క బస్తా పోలేదు. వాగు ఒడ్డున రాయి మీద తువ్వాలు ఉంది. పోలీసులు, లారీ యజమాని మనుషులు, నరసింగరావుతో చిన్నప్పటినుంచీ కలిసి తిరిగిన డ్రైవరు కూర్మయ్య, అందరూ ఆ వాగు పొడుగునా వెతికారు. శవం దొరకలేదు. అందుకని పోయాడని ఎవరూ నోరు తెరిచి అనలేదు.

ఆ తర్వాత కబుర్లు రావడం మొదలైంది. నాగపూర్ స్టేషన్లో చూశామని ఒకరు, కాషాయం కట్టుకుని కనిపించాడని ఒకరు. కటక్‌లో మతి తప్పినవాళ్ళుండే చోట అచ్చం అలాంటి మనిషే ఉన్నాడని ఎవరో చెబితే, రాజకుమారి కూర్మయ్యని తోడు తీసుకుని వెళ్ళింది. వెళ్ళేటప్పుడు నరసింగరావుకి ఇష్టమైన బెల్లం గవ్వలు చేసి డబ్బాలో పెట్టుకుంది. అక్కడున్నది వేరే మనిషి. పొడుగు మాత్రం అంతే. అతను ఈమె చెయ్యి పట్టుకుని వదల్లేదట, వాళ్ళ భాషలో ఏదో అడిగాడట. ఆ గవ్వల డబ్బా అతని చేతిలో పెట్టి వచ్చేసింది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా వినేది గాని, బయలుదేరేది కాదు.

లారీల మీద కప్పే బరకాలు కుట్టే షెడ్డులో పనికి కుదిరింది. ఆ గుడ్డ మొద్దుగా ఉంటుంది. సూది దిగడానికి అరచేత్తో నెట్టాలి. ఆ పనితోనే ఝాన్సీని డిగ్రీ దాకా చదివించి, గరివిడిలో ఫ్యాక్టరీలో పని చేసే కుర్రాడికిచ్చి చేసింది. ఇంట్లో తను, అత్తగారు జగ్గమ్మ మిగిలారు. రాజకుమారి బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. పేరంటాలకి కొందరు పిలిచేవారు. కొందరు మరిచిపోయినట్టు ఉండేవారు. పిలిచినచోట కూడా కుంకం భరిణె ఆమె దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగేది. నేను చూశాను. ఆమె అది కనిపించనట్టే నుదురు ముందుకు వంచేది.

మొన్న మొన్నటి వరకూ అలాగే గడిచిపోయింది. పోయినేడు జగ్గమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు గాని, మనిషి తోడు లేకుండా లేవలేదు. రాజకుమారి షెడ్డుకి వెళ్తే ముసలామెని చూసేవాళ్ళు లేరు. నేనూ మా కోడలూ కొన్నాళ్ళు చూశాం. ఎన్నాళ్ళని చూస్తాం? గరివిడిలో ఝాన్సీ పక్కింటివాళ్ళు ఇల్లు అమ్మేస్తున్నారు. ఇది అమ్మి అది కొనుక్కుని ఇద్దరూ వచ్చేయండని ఝాన్సీ పట్టుబట్టింది. అదీ సంగతి. అప్పుడే లాయరు చెప్పాడు, మనిషి కనబడక ఏడేళ్ళు దాటింది కనుక చనిపోయినట్టే లెక్క, కోర్టు చేత ఆ మాట అనిపించాలి, భార్య, కూతురు, తల్లి ముగ్గురూ సంతకాలు పెట్టాలని.

భార్య, కూతురు సరే. తల్లికి ఎలా చెప్పడం? రాజకుమారి ఎన్నోసార్లు జగ్గమ్మ మంచం దాకా వెళ్ళి, దుప్పటి సర్ది వెనక్కి వచ్చేసింది. చివరికి లాయరు గుమస్తా కాగితాలు పట్టుకొచ్చిన రోజు నన్ను రమ్మంది. నేనే చెప్పాను. జగ్గమ్మ అంతా విని, ఏమాత్రం కంగారు పడకుండా బొటనవేలు చాపింది.

"కాయితంలో సచ్చిపోతే మనిసి సచ్చిపోతాడేటి? నన్నూ ఓపాలి పింఛను కాయితాల్లో సచ్చిపోనాదని రాసీసినారు. ఎల్లి ఎదురుగా నిలబడ్డాను. మల్లీ బతికించీసినారు. మావోడూ అలగే వస్తాడు. వచ్చినప్పుడు తిరగరాసుకుంటారు."

సిరా అంటిన వేలు చీర చెంగుకి తుడుచుకుంటూ, టీ పెట్టమంది.

పేపర్లో ఫోటో వేయించారు. ఎవరైనా చూస్తే తెలపండి అని. ఎవరూ తెలపలేదు. కొన్ని వాయిదాలు పోయాక రాజకుమారిని బోనులోకి పిలిచారు. తోడు నేను వెళ్ళాను. నా భర్త చనిపోయాడని నమ్ముతున్నాను అని చెప్పాలి అని లాయరు ముందే నేర్పాడు. దారి పొడుగునా ఆమె ఆ మాట పెదాల మీద అనుకుంటూనే ఉంది. జడ్జిగారు మంచి మనిషి. నెమ్మదిగానే అడిగారు, మీ ఆయన దగ్గర్నుంచి ఏమైనా కబురు వచ్చిందా అని.

"లేదు బాబూ" అంది. తర్వాత చెప్పవలసిన మాట రాలేదు. లాయరు కళ్ళతో సైగ చేస్తున్నాడు. ఆమె బోను కర్ర పట్టుకుని నిలబడింది.

"రాలేదు బాబూ. వచ్చీ మనిసైతే ఈపాటికి వచ్చీవోడే."

జడ్జిగారు తల వంచి రాసుకున్నారు. ఆ మాట సరిపోయింది.

బయటికొచ్చాక సోడా బండి దగ్గర కూర్చున్నాం. సోడా తాగకుండానే "ఒదినా, నాను ఆ మాట అనీసినట్టేనా?" అని అడిగింది. లేదు, నువ్వు రాలేదని మాత్రమే అన్నావు అన్నాను. నన్ను చూసి తలూపింది. నా మాట నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

తీర్పు కాగితం వచ్చేసరికి ఇల్లు చూడ్డానికి మనుషులు రావడం మొదలెట్టారు. అందరిలోకి గట్టిగా నిలబడినవాడు భీమశంకరరావు. బజారులో కిరాణా కొట్టు ఆయనది. బేరం పెద్దగా సాగలేదు, అడిగినదానికి దగ్గరగానే ఇస్తానన్నాడు. మాట ఖాయమయ్యే ముందు భార్య కన్యాకుమారిని తీసుకొచ్చాడు. ఆవిడ వంటిల్లు, దొడ్డి, నుయ్యి అన్నీ చూసి, ముందుగదిలో కూర్చుని గోడల వంక చూసింది. నరసింగరావు ఫోటో ఉంది. దానికి దండ లేదు. ఆవిడ మొగుణ్ణి బయట ఉండమని, రాజకుమారి పక్కకి జరిగి కూర్చుంది.

"మరోలా అనుకోకు తల్లీ. ఈ ఇంట్లో మేము పాలు పొంగించుకోవాలి. ఆయనకి జరగవలసింది జరిపించకుండా గడప దాటడానికి నాకు మనసొప్పడం లేదు. ఇల్లు వెతుక్కుంటూ ఆయన ఇక్కడికే వస్తే, మమ్మల్ని చూసి ఏమనుకుంటాడు?"

రాజకుమారి వాళ్ళని వీధి దాకా సాగనంపి వచ్చి, అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. విషయం తెలిసి ఝాన్సీ ఫోనులో మండిపడింది. మనింటికి వచ్చి మనకే షరతులు పెడతారా, వాళ్ళు కాకపోతే ఇంకొకరు అంది. రాజకుమారి అన్న మాట నాకింకా గుర్తుంది.

"ఆవిడ అడిగింది తప్పు కాదే. ఇన్నాల్ల నుంచీ నన్ను నానే అడగవలసింది."

ఈసారి జగ్గమ్మకి తనే చెప్పింది. ముసలామె ఇదివరకటిలా తేలిగ్గా తీసుకోలేదు. కాయితం ఏరు, పిండం ఏరు అంది. బతికున్నోడికి పిండమెడితే ఆడి ఆయువు తరిగిపోతాది అంది. నాను పోనాక మీ ఇష్టం అని గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం కంచం అలాగే వెనక్కి వచ్చింది. మర్నాడూ అంతే. రాజకుమారి బతిమాలలేదు, కోప్పడలేదు. ఇల్లు ఖాళీ చేయడం ఎలాగూ తప్పదు కనుక ఒక్కో గదీ సర్దడం మొదలెట్టింది.

అటక మీది సామాన్లు దించాం. నరసింగరావు జాకీ, స్పానర్లు, లారీ కింద పడుకునేటప్పుడు వేసుకునే గోనె పట్టా కూర్మయ్యకి ఇచ్చేసింది. అతను అవి తీసుకుని వెళ్ళలేక, వద్దనలేక, చాలాసేపు దొడ్లో నిలబడి బీడీ కాల్చాడు. ఆఖరికి జగ్గమ్మ మంచం కింది ట్రంకు పెట్టె లాగింది. అందులో నరసింగరావు బట్టలు. రెండు ఖాకీ చొక్కాలు, ఒక తెల్ల చొక్కా, పొందూరు ఖద్దరు పంచె. ఆ పంచె కూతురి పెళ్ళికి కట్టుకుంటానని ముందే కొనిపెట్టుకున్నాడట. మడత విప్పనేలేదు.

జగ్గమ్మ ఇటు తిరిగి చూస్తోంది. ఓ చొక్కా ఇలా ఇమ్మంది. తీసుకుని మొహానికి ఆనించుకుంది. అలాగే ఉంచుకుంది. తర్వాత తీసి, లోపలి వైపు తిప్పి, కాలరు దగ్గర, చంకల దగ్గర మళ్ళీ వాసన చూసింది.

"ఏటీ లేదే" అంది. "కలరా ఉండల వాసనొకటే వస్తంది."

"ఏటేటా ఉతికి పెడతన్నాను కదత్తా. ముక్కిపోతాయనీసి."

ముసలామె ఆ చొక్కా మడత పెట్టడానికి ప్రయత్నించింది. కుదరలేదు. రాజకుమారి అందుకుని మడత పెట్టింది. ఇద్దరూ ఏడవలేదు. ఏడ్చింది నేనే. కాసేపయ్యాక జగ్గమ్మ అడిగింది, ఆ పని ఎప్పుడెట్టుకుంటన్నారు అని.

శవం దొరకనివాళ్ళకి మోదుగాకులతో మనిషిని చేసి దహనం చేస్తారని నాకు అప్పుడే తెలిసింది. కూర్మయ్య పంతులుగారిని మాట్లాడి, కొండ దిగువకి పోయి బుట్టెడు ఆకులు కోసుకొచ్చాడు. ఝాన్సీ మొగుణ్ణీ పిల్లనీ తీసుకుని ముందురోజే వచ్చింది. వేగావతి ఒడ్డున ఇసకలో ఏర్పాటు. జగ్గమ్మని ఇంట్లో ఉంచుదామనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు. ఆటోలో ఎక్కించి, రెండు వైపులా పట్టుకుని తీసుకెళ్ళి, ఇసకలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం.

పంతులుగారు వెదురు బద్దల మీద ఆకులు పరిచి దర్భలతో కడుతూ ఒక్కో అవయవం పేరు చెబుతున్నారు. తల, మెడ, భుజాలు. ఏటిలో నీళ్ళు పలచగా ఉన్నాయి. అవతల ఒడ్డున ఎవరో లారీ కడుగుతున్నారు. మనిషి ఆకారం తయారయ్యింది. జగ్గమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి చూసింది.

"ఇదేటి? ఇంతేనా?"

ఎవరికీ అర్థం కాలేదు.

"మావోడు ఇంత పొట్టోడు కాడు. గుమ్మంలో తల వొంచి వచ్చీవోడు. కాల్లు సాపితే మంచం దాటిపోయీవి. ఇదెవులో? నా కొడుకు కాడు."

శాస్త్రంలో కొలత ఉందమ్మా అన్నారు పంతులుగారు. జగ్గమ్మ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఆయన కూడా వయసు మళ్ళిన మనిషే. రెండో మాట అనకుండా బుట్టలో మిగిలిన ఆకులు తీసి, కాళ్ళ వైపు ఇంకో రెండు బద్దలు చేర్చి కట్టారు. ఇంకొంచెం అంది జగ్గమ్మ. ఇంకొంచెం చేర్చారు. ఆకులు అయిపోయాయి. కూర్మయ్య వెళ్ళి, పక్కనే ఉన్న మర్రి ఆకులు పనికిరావని, గట్టు మీద మోదుగ చెట్టు వెతికి మళ్ళీ కోసుకొచ్చాడు. జగ్గమ్మ తనని దించమంది. ఇద్దరం పట్టుకుని ఇసకలో కూర్చోబెట్టాం. ఆకుల మీద చెయ్యి వేసి తల నుంచి పాదాల దాకా నెమ్మదిగా తడిమింది. రాజకుమారి సంచిలోంచి ఆ ఖద్దరు పంచె తీసి మడత విప్పి కప్పింది. ముసలామె దాన్ని మెడ కింద దాకా లాగి సరిచేసింది.

"ఇప్పుడు సరిపోనాది" అంది. "కానీండి."

నిప్పు ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. అల్లుడు ముందుకొచ్చాడు. జగ్గమ్మ వద్దంది. కన్నబిడ్డుండగా ఇంకెవులు అంది. ఝాన్సీ పెట్టింది. పచ్చి ఆకులు కదా, మొదట పొగ వచ్చింది. ఆ పొగలో అందరి కళ్ళూ ఒకలాగే ఉన్నాయి. పంచె అంటుకున్నప్పుడు జగ్గమ్మ నోరు తెరిచి ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఏడుపు మా వీధి వినలేదు. ఒరే నాయినా, ఒరే నా నరసింగా అని ఇసకని పిడికిళ్ళతో తీసి వదులుతూ, ఊపిరాడనంతగా ఏడ్చింది. రాజకుమారి ఆమెని వెనక నుంచి పట్టుకుని, మంట వైపే చూస్తూ ఉంది.

పదోరోజున చుట్టాల్లో పెద్దాళ్ళు వచ్చారు. వాళ్ళు చేసే పని చేయడానికి. రాజకుమారి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నూతి దగ్గర కూర్చుని, సబ్బు నురగ చేతులకి రాసుకుని, ఒక్కో గాజూ జాగ్రత్తగా జార్చి తీసింది. ఒక్కటీ పగల్లేదు. తీసినవి కడిగి కొంగులో పెట్టుకుంది. బరకాలు కుట్టి కుట్టి కాయలు కాసిన ఆ చేతులు గాజులు లేకుండా ఎంత పెద్దవిగా కనిపించాయో. పుస్తెలు తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది. బొట్టు గురించి ఒకావిడ ఏదో అనబోతే జగ్గమ్మే అడ్డం పడింది. దాన్నొగ్గీండి అంది.  బొట్టు ఉండిపోయింది.

రిజిస్ట్రేషను నాడు పెద్దగా చెప్పుకోవలసింది ఏమీ జరగలేదు. దస్తావేజు చదువుతూ లేఖరి కీర్తిశేషులు నరసింగరావు గారి భార్య అన్నప్పుడు రాజకుమారి తలెత్తి చూసింది, ఎవర్నో పిలిచారనుకున్నట్టు. సామాను కూర్మయ్య లారీలో ఎక్కించాం. లారీ సగం కూడా నిండలేదు. కన్యాకుమారి వచ్చి పళ్ళు, చీరా చేతిలో పెట్టింది. తలుపులకి రంగు మార్పిస్తాం, ఏమీ అనుకోకు అంది. మీ ఇల్లు, మీ ఇష్టం అంది రాజకుమారి. జగ్గమ్మని క్యాబిన్లో ఎక్కించడానికి నలుగురం కావలసి వచ్చింది. డ్రైవరు తల్లి, లారీ ఎక్కడం అదే మొదలు.

జగ్గమ్మ గరివిడిలో ఎక్కువకాలం లేదు. మాఘమాసంలో పోయింది. నేను చూడ్డానికి వెళ్ళాను. కర్మ అయ్యాక జనం పలచబడిన రోజు, రాజకుమారి నాకు ఆ ఇల్లు చూపించింది. రెండు గదులు, వెనక కొంచెం జాగా. వీధిలోకి ఫ్యాక్టరీ దుమ్ము పడుతుంది గాని, ఇల్లు గట్టిదే. మనవరాలు ఆమె కాళ్ళకి అడ్డం పడుతూ తిరుగుతోంది. రాజకుమారికి ఒళ్ళు కొంచెం వచ్చినట్టు కనిపించింది. ఆ మాటే అన్నాను.

"నిద్ర పడతంది ఒదినా" అంది. "సాలూర్లో ఉన్నన్నాల్లూ వీది తలుపు గడియ ఎయ్యలేదు నాను. రాతిరికి నా సెయ్యి గడియ దాకా ఎల్లేది, ఎనక్కొచ్చీసీది. ఇక్కడికొచ్చినకాడ నుంచీ ఏసుకునే పడుకుంటన్నాను. పడుకుంటే తెల్లారిపోతంది. అంత ఆయిగా నిద్ర ఎలగొస్తందా అనీసి, లేసినాక ఏడుపొస్తాది."

 ఝాన్సీ టీ తెచ్చింది. తాగాం. ఇక్కడ కూడా బరకాలు కుట్టే పని దొరుకుతుందేమో కనుక్కోమని కూర్మయ్యకి చెప్పమంది. చెబుతానన్నాను. మధ్యాహ్నం బస్సుకి నన్ను ఎక్కించడానికి మనవరాలిని ఎత్తుకుని రోడ్డు దాకా వచ్చింది.